రోగికి సేవ చేస్తున్నాం సరే, మర్యాద ఇస్తున్నామా? ఆక్యుపేషనల్ థెరపీ ఏం చేస్తుందంటే

కిందటి ఎపిసోడ్‌లో పక్షవాతం వచ్చిన మొదటి కొన్ని గంటల్లో ఏం చెయ్యాలో మాట్లాడుకున్నాం. ఈరోజు ఆ తర్వాతి సంగతి. పేషెంటును హాస్పిటల్ నుంచి ఇంటికి తెచ్చి, చుట్టాలంతా పండ్ల కవర్లతో వచ్చి చూసి వెళ్లిపోయాక, మిగిలే రోజుల సంగతి అన్నమాట.

నేను ఆక్యుపేషనల్ థెరపిస్టును. మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కల ఇళ్లకు వెళ్లి పేషెంట్లను చూస్తుంటాను. ఒక ఇంటి గురించి చెప్తాను. ఊరి పేరు చెప్పను, గుర్తుపట్టకుండా ఒకటి రెండు వివరాలు మార్చాను కూడా. శామీర్‌పేట చెరువు దాటి రాజీవ్ రహదారి మీద ఇంకొంచెం ముందుకు పోతే వచ్చే ఒక పల్లె. డెబ్బై దాటిన రైతు. స్ట్రోక్ వచ్చి నాలుగు నెలలైంది, కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట ముద్దగా వస్తుంది కానీ అర్థమవుతుంది.

ఆ ఇంట్లో సేవకు వంక పెట్టలేం. నిజంగా. మంచం మీద దుప్పటి ఉతికి ఉంది, వీపు మీద ఒక్క పడక పుండు లేదు. కోడలు రోజుకు మూడుసార్లు తినిపిస్తుంది, కొడుకు తానం చేయిస్తాడు, మందుల డబ్బా మీద మనవరాలు రంగు రంగుల స్టిక్కర్లు అంటించింది. అయినా పెద్దాయన చిక్కిపోతున్నాడు. తిండి తగ్గించేశాడు. నీళ్లు ఇస్తే రెండు గుటకలు తాగి గ్లాసు తోసేస్తాడు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ రెండుసార్లు వచ్చింది. "మేడం, మొండికేస్తుండు, మీరే చెప్పండి" అని కొడుకు నన్ను లోపలికి తీసుకెళ్లాడు.

నేను అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే. మీకేం చెయ్యాలని ఉంది, అని. ఆయన చాలాసేపు పైకప్పు చూశాడు. కోడలు నీళ్లు తేవడానికి బయటకు వెళ్లాక అప్పుడు చెప్పాడు. "ఇంకేం వద్దు బిడ్డా. దొడ్డికి నేనొక్కన్నే పోవాలె. తలుపు పెట్టుకోవాలె. కోడలు పిల్ల కడుగుతాంది. గిట్ల బతుకుడు నాకొద్దు."

అర్థమైంది కదా? ఆయన మొండికెయ్యడం లేదు. తింటే, తాగితే వెళ్లాల్సి వస్తుంది. వెళ్తే కోడలి చేత కడిగించుకోవాలి. అందుకని తినడం మానేశాడు. ఇలా నీళ్లు తగ్గించుకునే పేషెంట్లు నాకు ఈయన ఒక్కరే కాదు, ముఖ్యంగా ఆడవాళ్లలో చాలామంది ఉన్నారు. నీళ్లు తగ్గితే మలబద్ధకం, మూత్రంలో ఇన్‌ఫెక్షన్. పెద్ద వయసులో ఇన్‌ఫెక్షన్ వస్తే మనిషి ఒక్కసారిగా తికమకపడి మాట్లాడతారు, దాన్ని మనం మతిమరుపు అనుకుంటాం. ఇంతమంది ఇంత ప్రేమగా చేస్తున్న సేవే ఆయన్ను మెల్లగా చంపుతోంది. ఆ మాట కొడుకుతో అనలేదు లెండి. ఆ పిల్లవాడు ఉద్యోగానికి సెలవు పెట్టి చూసుకుంటున్నాడు.

ఇప్పుడు ఆక్యుపేషనల్ థెరపీ అంటే ఏంటో చూద్దాం. తెలుగులో వృత్తి చికిత్స అని రాస్తారు. ఆ మాట వల్ల మాకు వచ్చే ఫోన్లు ఎలా ఉంటాయంటే, మా అబ్బాయికి ఏదైనా ఉద్యోగం చూపిస్తారా అని. అది కాదండి. ఇక్కడ ఆక్యుపేషన్ అంటే మనిషి తన రోజును దేనితో నింపుకుంటాడో అదంతా. పళ్లు తోముకోవడం, చీర కట్టుకోవడం, వాకిట్లో ముగ్గు వెయ్యడం, మనవడిని బడి బస్సు ఎక్కించడం, బావి దగ్గర మోటారు వెయ్యడం. ఫిజియోథెరపిస్టు కండరానికి బలం, కీలుకు కదలిక తెప్పిస్తారు. మేము ఆ బలంతో, లేదా బలం రాకపోయినా సరే, ఆ పని మళ్లీ ఎలా చేయాలో చూస్తాం. రెండూ కావాలి. ఒకటి ఉంటే ఇంకోటి అక్కర్లేదనుకోవడం పొరపాటు.

ఈ వృత్తి సంఘంగా మొదలైంది అమెరికాలో, 1917లో, న్యూయార్క్ రాష్ట్రంలోని క్లిఫ్టన్ స్ప్రింగ్స్ అనే చిన్న ఊళ్లో. మన దగ్గరకు తెచ్చింది కమలా నింబ్కర్. అమెరికాలో పుట్టి, మనవాళ్ల కోడలిగా ఇక్కడికొచ్చిన ఆవిడ 1950లో ముంబయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో దేశంలోనే మొదటి ఆక్యుపేషనల్ థెరపీ స్కూల్ పెట్టారు. 1952లో ప్రపంచ సమాఖ్య ఏర్పడితే దాన్ని స్థాపించిన దేశాల్లో మనదీ ఒకటి. అంత ముందుగా మొదలుపెట్టాం, కానీ ఈ చదువుకు, ఈ పనికి దేశమంతటికీ ఒక కమిషన్ చట్టం వచ్చింది మాత్రం 2021లో. మధ్యలో 70 ఏళ్లు ఏం చేశామో నన్నడక్కండి.

మన పక్కనే చూడండి. సికింద్రాబాద్ నుంచి మేడ్చల్ వైపు వస్తుంటే బోయిన్‌పల్లి దగ్గర మనోవికాస్ నగర్ ఉంది కదా. మేధోపరమైన వైకల్యం ఉన్నవాళ్ల కోసం జాతీయ సంస్థ అక్కడ 1984 నుంచి ఉంది. ఇప్పుడు దాన్ని ఎన్ఐఈపీఐడీ అంటున్నారు. కూకట్‌పల్లిలో శివానంద పునరావాస కేంద్రం ఇంకా ముందే, 1958లో మొదలైంది. వనపర్తి సంస్థానానికి చెందిన రాణి కుముదినీ దేవి కుష్ఠు రోగుల కోసం పెట్టారు. తర్వాత 1962లో హైదరాబాద్‌కు మొదటి మహిళా మేయర్ అయింది ఆవిడే. కుష్ఠు రోగిని ఊరవతల పెట్టే రోజుల్లో ఒక రాణి వాళ్ల మధ్యకు వెళ్లడం చిన్న విషయం కాదు.

కుష్ఠు సంగతి ఎందుకు తెచ్చానంటే, మర్యాదకూ చేతి పనికీ ఉన్న సంబంధం అక్కడ బాగా కనిపిస్తుంది. ఆ జబ్బులో నరాలు దెబ్బతిని చేతికి స్పర్శ పోతుంది. వేడి చాయ్ గ్లాసు పట్టుకుంటే కాలుతున్నట్టు తెలియదు. తెలిసేసరికి బొబ్బ, ఆ బొబ్బ పుండు, ఆ పుండుతో వేళ్లు పోతాయి. మందులతో క్రిమి చచ్చిపోయినా చెయ్యి ఇలా పోతూనే ఉంటుంది. అక్కడ థెరపీ అంటే, గ్లాసుకు గుడ్డ చుట్టడం, గరిటె పిడిని లావు చెయ్యడం, చర్మం చెప్పని దాన్ని కంటితో చూసి తెలుసుకోవడం నేర్పించడం. ఇవి చేస్తే ఆ మనిషి తన చాయ్ తను తాగుతాడు, ఇంకొకరికి పోసిస్తాడు కూడా. ఇంకొకరికి చాయ్ పోసివ్వడం అనేది ఎంత పెద్ద విషయమో, ఊరివాళ్లు నీళ్లు కూడా దూరం నుంచి పోసిన మనిషికే తెలుస్తుంది.

సరే, మన పెద్దాయన దగ్గరకు వద్దాం. మేము వెళ్లగానే ఒక లెక్క వేస్తాం. బార్తెల్ ఇండెక్స్ అని, 1965లో వచ్చింది, ఇప్పటికీ ప్రపంచమంతా వాడుతున్నారు. పది అంశాలు, మొత్తం 100 మార్కులు. తినడం, తల దువ్వుకోవడం గడ్డం గీసుకోవడం లాంటివి, స్నానం, బట్టలు, మలం మీద అదుపు, మూత్రం మీద అదుపు, టాయిలెట్ వాడటం, మంచం మీంచి కుర్చీకి మారడం, నడవడం, మెట్లెక్కడం. ఒకసారి ఈ పది మళ్లీ మనసులో అనుకోండి. మొదటి ఏడూ మనం పెద్దయ్యాక ఇంకొకరి చేత చేయించుకోవాలంటే తల దించుకునే పనులు. కానీ ఇంట్లోవాళ్లు మమ్మల్ని అడిగేది ఎనిమిదోదాని తర్వాతవే. "ఎప్పుడు నడుస్తాడు మేడం?" పేషెంటును విడిగా అడిగితే ఆ పైన ఏడింట్లో ఏదో ఒకటి చెప్తాడు.

ఆయనకు మొదటి రోజు 30 మార్కులు వచ్చాయి. మలమూత్రాల మీద అదుపు పూర్తిగా ఉంది, అందుకే ఆ 30 అయినా. అదుపు ఉన్న మనిషికి డైపర్ వేస్తున్నారు, ఎందుకంటే రాత్రి లేపడం కష్టం. ఇందులో ఎవరినీ తప్పు పట్టను. కానీ అదుపు ఉన్న మనిషిని డైపర్‌లో పొమ్మంటే కొన్నాళ్లకు ఆ అదుపు కూడా పోతుంది, అది గుర్తుపెట్టుకోండి.

ఏం చేశామో చెప్తాను, మీ ఇంట్లో పనికొస్తుంది. ముందు మంచం. ఆయనది నులక మంచం. మధ్యలో గుంట, ఎత్తు తక్కువ. మంచి మనిషికే లేవడం కష్టం. ఒంటి పక్కన బలం లేనివాడు ఎలా లేస్తాడు? గట్టి మంచం వేసి, కూర్చుంటే మోకాలు సరిగ్గా వంగి పాదాలు నేలకు పూర్తిగా ఆనేలా ఎత్తు చూసుకున్నాం. అంతే, లేవడంలో సగం కష్టం పోయింది. రెండోది, లేపే పద్ధతి. కొడుకు ఆయన కుడి చెయ్యి పట్టుకుని పైకి లాగుతున్నాడు. ఇది మాత్రం అస్సలు చెయ్యొద్దు. పడిపోయిన చేతికి భుజం దగ్గర పట్టు ఉండదు, లాగితే కీలు జారుతుంది, ఆ నొప్పి నెలల తరబడి వదలదు. నడుం దగ్గర బెల్టో తువ్వాలో కట్టి దాన్ని పట్టుకోండి. పాదాలు వెనక్కి పెట్టించి, ముందుకు వంగమనండి. ముక్కు కాలివేళ్ల మీదకు వచ్చేదాకా వంగితే పిర్రలు వాటంతటవే లేస్తాయి.

తర్వాత ఆ బాత్రూం. వాకిలి దాటి బయట ఉంది, కింద కూర్చునే దొడ్డి. దాని మీద పెట్టే కమోడ్ కుర్చీ, మధ్యలో రంధ్రం ఉండేది, మెడికల్ షాపుల్లో దొరుకుతుంది. కాళ్లు కదలకుండా బిగించుకోవాలి. గోడకు స్టీలు రాడ్ పెట్టాలి, ఆయనకు బలం ఉన్న ఎడమ చేతి వైపు. ఒకళ్లింట్లో చాలా ఖరీదైన రాడ్లు పెట్టించారు, అన్నీ పడిపోయిన చేతి వైపే. మేస్త్రీకి ఎవరూ చెప్పలేదు, పాపం. తలుపు బయటకు తెరుచుకునేలా మార్పించాం. లోపల మనిషి పడిపోయి తలుపుకు అడ్డంగా ఉంటే లోపలికి తెరిచే తలుపు తియ్యలేరు. గడియ తీయించేశాం. తలుపు దగ్గరగా వేస్తే చాలు, పిలవడానికి లోపల ఒక గంట కట్టాం. అది మేకల మెడలో కట్టే గంట, ఆయనే ఎంచుకున్నాడు.

కడుక్కోవడం అసలు చిక్కు. ఇది మన దేశంలో తప్ప పుస్తకాల్లో పెద్దగా కనిపించదు. కుడి చెయ్యి పోయిన మనిషికి మిగిలింది ఎడమ చెయ్యి. ఆ చేత్తోనే కడుక్కోవాలి, ఆ చేత్తోనే తినాలి. మనకు పుట్టినప్పటి నుంచి ఏం నేర్పారు? ఎడమ చేత్తో తినొద్దు, ఇవ్వొద్దు, పుచ్చుకోవద్దు. ఆయన కోడలి చేత తినిపించుకోవడానికి సగం కారణం ఇదే. చేతకాక కాదు. ఎడమ చేత్తో అన్నం ముట్టడు. నేను ఇంటర్న్‌గా ఉన్నప్పుడు ఒక పెద్దావిడకు, ఇవన్నీ పట్టించుకోకండి అమ్మా, సైన్స్ చదువుకున్నాం కదా, అని ఉపన్యాసం ఇచ్చాను. ఆవిడ నా ముందు రెండు ముద్దలు తిని, నేను వెళ్లాక కంచం పక్కన పెట్టేసిందట. ఇప్పటికీ సిగ్గేస్తుంది తల్చుకుంటే. ఆవిడ నమ్మకాన్ని తీసెయ్యడానికి నేనెవరిని?

అందుకని ఈయనకు దారి వేరు చేశాం. అన్నానికి చెంచా, పిడికి గుడ్డ చుట్టి లావు చేసింది. చెయ్యి అన్నానికి తగలదు. అంచు పైకి లేచిన కంచం, కింద తడి గుడ్డ వేస్తే జరగదు. కడుక్కోవడానికి పైపుకు జెట్ స్ప్రే. చెంబు ఒక చేత్తో వంచి అదే చేత్తో కడుక్కోవడం కుదరదు కదా, అందుకని. మూడు వారాలు అన్నం సగం కింద పోయింది. కోడలికి చూడబుద్ధి కాక చెంచా లాక్కోబోయేది. "నువ్వు అవతలికి పో" అని ఆయన కసిరాడు. ఆ కసురు విని నాకు సంతోషమైంది, ఆమెకు కాలేదు. ఆమెతో విడిగా కూర్చుని మాట్లాడాల్సి వచ్చింది. నాలుగు నెలలు మలమూత్రాలు ఎత్తిన మనిషి ఆమె. ఆమె కష్టానికి కూడా మర్యాద కావాలి. చూసుకునేవాళ్లకు నడుం నొప్పి ఉందా, రాత్రి నిద్ర ఉందా అని అడిగే మనిషి ఉండరు.

ఇంకో రెండు ముక్కలు తొందరగా చెప్తాను. పడుకోబెట్టి తినిపించొద్దు, నీళ్లు పొయ్యొద్దు. నిటారుగా కూర్చోబెట్టండి, లేకపోతే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. చొక్కా వేసేటప్పుడు పడిపోయిన చెయ్యి ముందు, విప్పేటప్పుడు అది చివర. ఎడమ పక్క పడిపోయిన వాళ్లలో కొందరు కంచంలో కుడి సగమే తిని లేస్తారు, ఎడమ పక్క నిలబడి పిలిస్తే పలకరు. అది కోపం కాదు, మెదడు ఆ పక్కను లెక్కలోకి తీసుకోవడం మానేసింది. కంచం తిప్పి పెట్టండి, గుర్తు చేస్తూ ఉండండి.

ఇక స్నానం. మనిషిని పూర్తిగా విప్పి కూర్చోబెట్టి, తలుపు తెరిచి ఉంచి, మధ్యలో ఫోన్ మాట్లాడుతూ నీళ్లు పోయడం చూశాను నేను. హాస్పిటల్లో కాదు, ఇళ్లల్లోనే. ఒక పెద్ద తువ్వాలు ఒంటి మీద ఉంచి, కడిగే భాగం వరకే తీసి, మళ్లీ కప్పండి. చెయ్యి వేసే ముందు చెప్పండి, "ఇప్పుడు వీపు రుద్దుతున్నా నాయినా" అని. ఆయన ముఖం మీద ఆయననే కడుక్కోనివ్వండి, పావుగంట పట్టినా సరే. ఆయన ముందే ఆయన గురించి "వీడికి ఏం తెల్వదు" అనకండి. హాస్పిటల్లో ఉన్నప్పుడు ఇవన్నీ అడిగే హక్కు కూడా మీకుంది. జాతీయ మానవ హక్కుల కమిషన్ తయారుచేసిన రోగుల హక్కుల పత్రంలో గోప్యత, మర్యాద హక్కులుగానే రాసి ఉన్నాయి. మగ డాక్టర్ ఆడ పేషెంటును పరీక్ష చేసేటప్పుడు ఇంకో ఆడమనిషి పక్కన ఉండాలన్నది కూడా అందులో ఉంది. అడ్డంగా తెర లాగమని అడగడానికి మొహమాటపడకండి.

మేడ్చల్ వైపు ఇంకో ఇంట్లో ఒక అమ్మగారు. కొడుకు అమెరికాలో, ఇక్కడ ఇద్దరు అటెండర్లు, బటన్ నొక్కితే లేచే మంచం, అన్నీ ఉన్నాయి. అబ్బాయి వీడియో కాల్‌లో, ఇంకేం కొనాలి చెప్పండి మేడం, అన్నాడు. ఆవిడను అడిగితే, పొద్దున్నే ముగ్గు వెయ్యాలి అంది. కింద కూర్చోలేదు, వంగలేదు. అరుగు మీద కుర్చీ వేసి, బల్ల మీద పలక పెట్టి, సుద్దతో మొదలుపెట్టాం. చుక్కలు వంకరగా వచ్చాయి. పనిమనిషి ఆ ముగ్గు చూసి వాకిట్లో వేస్తుంది, ఈవిడ కుర్చీలోంచి తప్పులు చెప్తుంది. దీనికి కొనాల్సింది సుద్దముక్క. అబ్బాయికి కొంచెం నిరాశగా అనిపించినట్టుంది.

సర్టిఫికెట్ సంగతి చాలామంది అడుగుతారు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలు ఉన్నాయి. పక్షవాతం తర్వాత మిగిలిన వైకల్యం 40 శాతం గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే పథకాలకు పనికొచ్చే సర్టిఫికెట్ వస్తుంది. తెలంగాణలో ఆసరా వికలాంగుల పింఛనును 2023లో 4016 రూపాయలు చేశారు. సర్టిఫికెట్‌కు దరఖాస్తు చేసుకుని క్యాంపుకు వెళ్లాలి. పేషెంటును ఆటోలో కుదుపుకుంటూ తీసుకెళ్లి మధ్యాహ్నం దాకా లైన్లో కూర్చోబెట్టడం గురించి ఇంకో ఎపిసోడ్ చెయ్యాలి, ఈరోజు వద్దు.

మూడు నెలలయ్యాక పెద్దాయనకు మళ్లీ లెక్క వేశాను. 30 కాస్తా 65 అయింది. టాయిలెట్ దగ్గర మాత్రం సున్నా నుంచి 5 మార్కులే పెరిగాయి, ఎందుకంటే కుర్చీ దాకా ఒకరు పట్టుకోవాలి, తర్వాత లుంగీ సర్దాలి. లుంగీకి ఎలాస్టిక్ కుట్టించాం, అయినా ఇంకా చేతకావడం లేదు. కానీ లోపల ఉన్నంతసేపు తలుపు వేసే ఉంటుంది. మనవడు బయట నిలబడి ఫోన్లో ఆడుకుంటుంటాడు, గంట మోగితే వెళ్తాడు. ఒకసారి పడ్డాడు ఆయన, మోచెయ్యి గీరుకుంది. కొడుకు భయపడి మళ్లీ డైపర్ అన్నాడు. వాదన జరిగింది. ఆయన ఒకే మాట అన్నాడు, "పడితే పడ్త". నేను ఆయన పక్షమే తీసుకున్నాను, రాడ్ ఇంకొకటి వేయించి. నీళ్లు తాగుతున్నాడు ఇప్పుడు. ఆ తర్వాత ఇన్‌ఫెక్షన్ రాలేదు.

నడక ఇంకా ఒకరి సాయంతోనే. ప్రస్తుతం మా గొడవ గడప గురించి. ఆ ఇంటి గడప జానెడు ఎత్తు, పడిపోయిన కాలు దాని మీంచి లేవదు. కోసేద్దాం అని కొడుకు అన్నాడు. పసుపు రాసి బొట్టు పెట్టే గడపను కొయ్యడానికి పెద్దాయన ఒప్పుకోలేదు, ఆయన భార్య అసలే ఒప్పుకోలేదు. వడ్రంగిని పిలిచి గడపకు అటూ ఇటూ ఏటవాలుగా రెండు చెక్కలు చేయించాం. లోపలి వైపుది సరిపోయింది. బయటిది మరీ నిటారుగా వచ్చింది, వచ్చే గురువారం వెళ్లి దాన్ని మార్పించాలి.